ఆ పట్టిక మన చేతికి ఎందుకు రాదు?

నా పదవీ విరమణ డబ్బులో కొంత పెట్టి ఒక కంపెనీవి నలభై షేర్లు కొన్నాను. ఈసారి వార్షిక నివేదిక రాగానే ఓపిగ్గా చదివాను. ఛైర్మన్ సందేశం ఉంది, మొక్కలు నాటుతున్న ఫొటోలు ఉన్నాయి. అత్యధిక జీతాలు అందుకునే పదిమంది పట్టిక మాత్రం లేదు. కావలసిన వాటాదారులు కంపెనీ సెక్రటరీకి రాసి తెప్పించుకోవచ్చని ఒక్క వాక్యం ఉంది. రాశాను. డీమ్యాట్, అంటే నా షేర్లు ఉండే ఖాతా, వివరాలు అడిగారు, పంపాను. పట్టిక చేతికి వచ్చేసరికి 19 రోజులు పట్టింది.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నా బాధంతా అదే. 2013 కంపెనీల చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది.

అదే చట్టం ఒక మంచి పనీ చేసింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ తన డైరెక్టర్ల పారితోషికం మధ్యస్థ జీతానికి ఎన్ని రెట్లో చెప్పాలి. ఉద్యోగులందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే మనిషి జీతం అది. ఇన్ఫోసిస్‌లో 2024-25లో సీఈఓ సలీల్ పరేఖ్ పారితోషికం 80.62 కోట్ల రూపాయలు, మధ్యస్థ జీతానికి 752 రెట్లు. అందులో సగానికి పైగా షేర్ల రూపంలో వచ్చిందే. అంత ఇవ్వడం సబబా కాదా అని ఇవాళ వాదించుకోగలుగుతున్నామంటే ఆ లెక్క బయట ఉండబట్టే. 2017లో ఆ కంపెనీ అప్పటి చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్ ప్రవీణ్ రావు జీతం పెంపును, దాన్ని స్థాపించినవారిలో ఒకరైన నారాయణమూర్తి బహిరంగంగా తప్పుపట్టగలిగిందీ అందుకే. స్టాక్ ఎక్స్ఛేంజీ గడప తొక్కని పెద్ద పెద్ద ప్రైవేటు కంపెనీలకు మాత్రం ఈ నిష్పత్తి చెప్పే బాధ్యతే లేదు.

జీతం వ్యక్తిగత విషయం అంటారు. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో పనిచేశాను. పీఆర్సీ వచ్చిన ప్రతిసారీ నా స్కేలు పేపర్లో పడేది, వీధి వీధంతా చదివేది. నాకేమీ నష్టం జరగలేదు. వేలమంది వాటాదారుల డబ్బుతో నడిచే సంస్థకు అధిపతి అయినవారికి ఆ మాత్రం వెలుగు ఎందుకు బరువవుతుంది?

బయటపెడితే ఒకరిని చూసి ఒకరు పెంచుకుంటారన్న వాదనలో కొంత నిజముంది. పక్క కంపెనీలో అంత ఇస్తున్నారని చూపించి అడిగేవారు ఉంటారు. కాదనవలసిన పని బోర్డుది. బోర్డు కాదనలేకపోతోందని మనకు లెక్క దాచిపెడితే ఎలా?

నన్ను అన్నిటికన్నా కలచివేసేది మరొకటి. మా తమ్ముడి కొడుకు ఒక మందుల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా ప్యాకింగ్ విభాగంలో ఉన్నాడు. వేసుకునే చొక్కా మీద కంపెనీ పేరే ఉంటుంది. జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. అందుకని మధ్యస్థ జీతం లెక్కకట్టే వరుసలో వాడికి చోటు లేదు, వాడిలాంటి వందల మందికీ లేదు. అడుగున ఉన్నవాళ్లను తీసేస్తే నడుమ మనిషి జీతం పెరిగినట్టు కనిపిస్తుంది, పైవారితో అంతరం తగ్గినట్టు కనిపిస్తుంది. చట్టాన్ని సవరిస్తే ముందుగా వాళ్లను ఆ వరుసలో నిలబెట్టాలి. ఆ తర్వాత పట్టికను నివేదికలోనే, ఎవరూ అడగకుండానే, అచ్చువేయాలి.