వాడిది వాడి జేబులోకి, దానిది ఇంటి ఖర్చులోకి

"ఇప్పటి గుంటలకి డబ్బు విలువ తెల్దు." శ్రీకాకుళం జిల్లాలో మా కాశీబుగ్గలో ఏ పెద్దాయన నోట విన్నా ఇదే మాట. మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలైంది. తొమ్మిది, పది చదివే పిల్లలకు ఫోన్లేంటి, బిర్యానీలేంటి, పుట్టినరోజుకి ఫ్లెక్సీలేంటి అని ఒకటే గోల. అక్కడ పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోలేక ఇక్కడ రాస్తున్నా.

హైస్కూలు దారిలో ఫ్యాన్సీ, జిరాక్స్ షాపు నాది. పిల్లలు ఏం కొంటారో వాళ్ళ ఇళ్ళలో కంటే నాకే బాగా తెలుసు. ఖర్చు సంగతి సరే, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరైనా అడిగారా? అందరికీ నాన్నలు ఇచ్చి పంపడం లేదండీ.

మగపిల్లలకి ముహూర్తాలే సీజన్. మాఘమాసం వచ్చిందంటే కేటరింగ్ వాడి ఫోన్ వస్తుంది. సాయంత్రం వెళ్ళి బకెట్లు మోసి, వడ్డించి, ఆఖరి బంతి లేచేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మూడొందలో నాలుగొందలో చేతిలో పెడతాడు. మర్నాడు మొదటి పీరియడ్ అంతా నిద్రే. ఆ డబ్బు నెట్ ప్యాక్‌కి, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ గేమ్‌లో డైమండ్లకి, హెయిర్ కటింగ్‌కి, ఎవడిదో పుట్టినరోజు కేకు చందాకి పోతుంది. ఆ ఫ్లెక్సీలు చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ సెంటర్లో ఏడాది పొడుగునా నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టేది ఎవరు? పెద్దలే కదా.

ఇక ఆడపిల్లల సంగతి. వీళ్ళ గురించి గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు, ఎందుకంటే వీళ్ళు ఖర్చు పెడుతూ కనపడరు. బడి నుంచి రాగానే యూనిఫాం మార్చుకుని వాకిట్లో జీడిపప్పు ముందు కూర్చుంటారు. జీడిపిక్కలు కొట్టే తల్లుల అరచేతులు జీడి రసం అంటుకుని నల్లగా ఉంటాయి. పిల్లలది పొట్టు తీసే పని. చిన్న కత్తి మొనతో గీరుతూ, పప్పు విరక్కుండా తియ్యాలి. పప్పు విరగని గుండుగా నిలిస్తేనే రేటు, ముక్కలు ఎక్కువైతే మాట పడాలి. గోళ్ళ సందుల్లో ఆ ఎర్ర పొట్టు మర్నాడు లెక్కల పరీక్షలోనూ ఉంటుంది. కూలి కిలో లెక్కన. ఆ లెక్క రాసేది మాత్రం తల్లి పేరు మీద.

మా షాపుకొచ్చే పదో తరగతి పిల్ల ఒకతుంది. మొన్న ఒక క్లిప్పు తీసి అద్దంలో చూసుకుని, రేటు అడిగి, మళ్ళీ అట్టకే గుచ్చేసింది. ప్రాజెక్టు చార్టు మాత్రం తీసుకుని "పిన్నీ, అమ్మకి కూలి పడ్డాక ఇస్తాను" అంది. వారమంతా పొట్టు తీసింది అదే! అదే సాయంత్రం దాని తమ్ముడు వచ్చి ఇయర్‌ఫోన్స్ కొనుక్కుపోయాడు. కేటరింగ్ డబ్బులట. "అక్కకి ఏమైనా ఇచ్చావురా?" అంటే "దానికెందుకు పిన్నీ?" అని నవ్వాడు. వాడి తప్పు కాదు, ఇంట్లో చూసిందే అంటాడు.

"ఆడపిల్లది దాని పెళ్ళికే దాస్తున్నాం" అంటారు. ఆ పేరుతో కట్టిన చీటీ పాడి అన్న బండికి డౌన్‌పేమెంట్ కట్టిన ఇల్లు నాకు తెలుసు.

తల్లుల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో జీడితోటలు, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పు అంతవరకూ ఆగదు. కొందరు హైదరాబాదు, చెన్నై పోయారు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో పిల్ల కూలి కూడా బియ్యంలోకే పోతుంది. సరే, పోనివ్వండి. అలాంటప్పుడు కొడుకు కూలి కూడా బియ్యంలోకే పోవాలి కదా? వాడిది సంపాదన, దీనిది సాయం ఎలా అయింది?

అసలు ఈ వయసులో పని చేయించడమే నాకు నచ్చదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, 18 దాటేవరకు ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ప్రమాదం లేని ఇంటి పనికి సాయం అన్న మినహాయింపు ఉంది, మన వాకిళ్ళన్నీ ఆ పేరు చెప్పుకునే గడిపేస్తాయి. పని ఎలాగూ ఆగనప్పుడు కూలి అయినా దాని పేరున పడాలి.

అందుకు దారి కూడా ఉంది. పదేళ్ళు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతా తామే తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2025 ఏప్రిల్‌లో చెప్పింది, బ్యాంకు తన పరిమితులు తను పెట్టుకుంటుంది. పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది, అది వేరే సంగతి. ఇది పిల్ల వేళ్ళు అరగదీసి తెచ్చుకున్నది.

మీ ఇంట్లో పొట్టు తీసే పిల్ల ఉంటే ఆధార్ ఇచ్చి నా దగ్గరికి పంపండి. ఖాతా ఫారం నేనే నింపి పెడతా, జిరాక్స్‌కి డబ్బులు తీసుకోను. బ్యాంకు కౌంటర్లో "నాన్నని తీసుకురా" అన్నారంటే నాకు ఫోన్ చెయ్యమనండి, షాపు కట్టేసి అయినా వస్తా.