ఈసారి పర్లాకిమిడి దాకా వెళ్లండి

ప్రతి ఆగస్టు 29న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘంలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం, పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం. ఆయన ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఊరు చూసినవాళ్లు మాత్రం మనలో ఎంతమంది ఉన్నారు? మొన్న డిసెంబరు దాకా నేనూ చూడలేదు. సెలవులకి వెళ్లిన ప్రతిసారీ విశాఖ, అరకు, తిరుపతి. అంతే.

ఈసారి మామయ్యగారు పట్టుబట్టడంతో శ్రీకాకుళం నుంచి కారులో బయల్దేరాం. పాతపట్నం దాటి మహేంద్రతనయ నది మీది వంతెన ఎక్కి దిగితే ఒడిశా. బోర్డుల మీద లిపి మారిపోయింది, బజారులో మాట మాత్రం మారలేదు. గజపతుల కోట, కొమ్ముతో చెక్కిన కొంగల బొమ్మలు, 1900లో రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న రైలు మార్గం (ఇప్పుడది బ్రాడ్‌గేజ్)... ఒక పూటలో చూసేసే ఊరు కాదది.

గిడుగు వారు ఈ ఊళ్లో ఉంటూనే చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు తయారుచేశారు. మనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడిందీ ఇక్కడి నుంచే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ ఉదయమే ఆయన సొంత ఇల్లు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికాయనకి డెబ్బై రెండేళ్లు. మామయ్యగారు ఈ సంగతి చెబుతుంటే వెనక సీట్లో మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి వింది.

టిఫిన్ చేసిన హోటల్లో ఒకావిడ ఇడ్లీ వడ్డిస్తూ, "ఎక్కడినుంచి వచ్చారమ్మా?" అని అడిగింది. అమెరికా అని చెప్పాను. "మా పిల్లలకీ తెలుగు మాటొస్తాది గానీ రాత రాదమ్మా. బళ్లో అంతా ఒడియాయే" అంది. నాకు గొంతులో ముద్ద అడ్డం పడినట్టయింది. మా అమ్మాయి పరిస్థితీ అదే కదా! పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నామని మనం చెప్పుకునే కారణం, నది ఇవతల ఉన్నామని ఆవిడ చెప్పే కారణం, రెండూ ఒకటే.

అక్కడి నుంచి బరంపురం దాకా కొండదారి. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద పాండవుల పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. మేం పైకి ఎక్కలేదు, మామయ్యగారి మోకాళ్లు ఒప్పుకోలేదు. చంద్రగిరి దగ్గర టిబెట్ వాళ్ల ఊళ్లున్నాయి. దేశం విడిచి వచ్చి 1960ల్లో ఇక్కడ స్థిరపడిన వాళ్లు. జిరంగలో వాళ్లు కట్టుకున్న పెద్ద బౌద్ధ విహారం 2010లో దలైలామా చేతుల మీదుగా మొదలైంది. గంటసేపు కూర్చున్నాం. తప్తపానిలో వేడినీటి ఊట చూసుకుని, చీకటి పడ్డాక బరంపురం చేరాం. పట్టుచీరలు, అప్పడాలు, అంగట్లో ఎక్కడ చూసినా తెలుగే. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారు పుట్టిన ఊరు.

మర్నాడు గోపాలపూర్. ఒకప్పుడు ఇక్కడి నుంచి, కళింగపట్నం నుంచి మనవాళ్లు రంగూన్‌కి ఓడలెక్కారు. ఇప్పుడు ఒడ్డున పాత గోడలు, దీపస్తంభం, చేపల పడవలు. మనకంటే ముందు వలస వెళ్లినవాళ్ల రేవది. అక్కడ నిలబడినప్పుడు నాకు ఎయిర్‌పోర్టులో అమ్మ మొహం గుర్తొచ్చింది.

ఇదంతా మూడు రోజుల ప్రయాణం. చలికాలంలో వెళ్తే దారి హాయిగా ఉంటుంది, కొండమలుపుల్లో చీకటి పడకుండా చూసుకోండి చాలు. అరకు చూడొద్దని నేననను. ఒక్క ఏడాది దాని బదులు ఇటు రమ్మంటున్నాను.

ఇంకో మాట. మన వారాంతపు తెలుగు బడికి ఏటా కొత్త వాచకాలు వేయిస్తాం, మిగిలినవి గరాజుల్లో పెట్టెల్లో పడి ఉంటాయి. సెలవులకి వెళ్లే ఒక్కో కుటుంబం పది పుస్తకాలు సూట్‌కేసులో పెట్టుకున్నా పర్లాకిమిడి, బరంపురం పిల్లలకి చేరతాయి. వచ్చే సభలో ఈ ప్రతిపాదన పెడతాను. ఆ హోటలావిడకి ఇవ్వాల్సిన రెండు వాచకాలు మా అమ్మాయి అప్పుడే తీసి విడిగా పెట్టింది.