నేను ఆ వెంకీని కాదు మహాప్రభో

నా పేరు వెంకటేశ్వర్లు. ఇందులో నా తప్పేమీ లేదు. అమ్మ మొక్కుకుంది, నేను పుట్టాను, కొండ మీద గుండు కొట్టించి ఆ పేరే పెట్టేశారు. మన వైపు ఏ వీధిలోనైనా నిలబడి "ఒరేయ్ వెంకీ" అని అరిస్తే నలుగురు తిరిగి చూస్తారు, ఐదోవాడు మేడ మీంచి పలుకుతాడు. అంత నిరపాయకరమైన పేరది. అలాంటి పేరు పెట్టుకుని, ఇంగ్లండ్‌లో ఇన్ని ఊళ్ళుండగా, 2016లో ఉద్యోగం దొరికింది కదా అని బ్లాక్‌బర్న్‌లో దిగాను.

దిగిన మొదటి శనివారం పాల డబ్బా కోసం బయటికొచ్చాను. సగం నీలం సగం తెలుపు చొక్కాలు వేసుకున్న జనం గుంపుగా పోతున్నారు. ముందు ఒక పెద్ద గుడ్డ బ్యానర్. అందరిదీ ఒకటే నినాదం: "వెంకీస్ అవుట్! వెంకీస్ అవుట్!" చేతిలో పాల డబ్బాతో అలాగే నిలబడిపోయాను. మొన్ననేగా వచ్చింది, ఇంకా సూట్‌కేసు కూడా సర్దలేదు, అప్పుడే ఊరంతా కలిసి పొమ్మంటున్నారేమిటని కాళ్ళు వణికాయి.

తర్వాత తెలిసింది, వాళ్ళు పొమ్మంటున్నది పుణేలో ఉన్న వెంకీస్‌ని అని. వెంకటేశ్వర హేచరీస్ వారు, కోళ్ళ వ్యాపారంలో మహారాజులు. 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బుని 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. బాకీలు అదనం. తణుకు నుంచి అనపర్తి దాకా గుడ్డు వ్యాపారం తెలిసిన వాళ్ళెవరికీ ఈ పేరు కొత్త కాదు. ఆ సంస్థ పెట్టిన బి.వి. రావుగారే గుడ్డు ధరని దళారి చేతిలోంచి లాగి రైతు చేతిలో పెట్టడానికి నెక్ అనే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని స్థాపించారు. అది నిజంగా గొప్ప పని. దాని పుణ్యమా అని పొద్దున్నే పేపరు తెరిస్తే ఏ ఊళ్ళో గుడ్డు ధర ఎంతో తెలిసిపోతుంది. వారసులు కొన్న క్లబ్బు సంగతి ఏ పొద్దు ఎలా ఉందో మాత్రం ఇక్కడ ఎవరికీ తెలియదు. దానికో నెక్ లేదు.

ఈ క్లబ్బేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 1875లో మొదలైంది, 1888లో ఇంగ్లిష్ లీగు పెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. జాక్ వాకర్ అని ఈ ఊళ్ళోనే పుట్టిన ఉక్కు వ్యాపారి, కంపెనీని 36 కోట్ల పౌండ్లకు అమ్ముకుని, ఆ డబ్బు తెచ్చి చిన్నప్పటి క్లబ్బులో పోశాడు. 1995లో ప్రీమియర్ లీగు గెలిచారు. ఆ ఏడు షియరర్ అనే ఆటగాడు ఒక్కడే 34 గోల్స్. ఆయన విగ్రహం స్టేడియం బయట నిలబడి ఉంది. వాకర్‌ది, షియరర్‌ది కాదు. డబ్బు పెట్టినవాడికి విగ్రహం కట్టే ఊరండీ ఇది. విదేశీయుడని పగబట్టే రకం కాదు. కాస్త మర్యాదగా మసలుకుని ఉంటే పుణేవారికీ ఒకటి కట్టేవాళ్ళేమో.

వీళ్ళేం చేశారు? నెల తిరక్కుండా, జట్టుని చక్కగా నడుపుతున్న కోచ్ అలర్డైస్‌ని తీసేశారు. స్టీవ్ కీన్ అనే ఆయన్ని కూర్చోబెట్టారు, ఆ పేరు ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు. ఆ తర్వాత ఆటగాళ్ళ చేత డ్రెస్సింగ్ రూములో కోడి కాళ్ళు తినిపించి ప్రకటన తీశారు. మ్యాచికి ముందు నిండా చికెన్ లాగించి మైదానంలోకి పరిగెత్తడం అందులో కథ. మనవాడెవడైనా పెళ్ళి భోజనం చేసి కబడ్డీకి దిగి చూడండి, తెలుస్తుంది.

ఇక 2012 మే 7. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సోమవారం రాత్రి, ఎడతెగని వాన, ఎదుట విగన్ జట్టు, ఓడితే కింది డివిజన్‌కి. ఆట నడుస్తుండగా మైదానంలోకి ఒక కోడి వచ్చింది. నిజం కోడి. వీపు మీద రోవర్స్ జెండా శాలువాలా కప్పి ఉంది. భీమవరం పందేల్లో బరి చూసిన కళ్ళు నావి. డేగ ఎలా దిగుతుందో, కాకి ఎలా కాలు దువ్వుతుందో తెలుసు. ఇది ఆ జాతి కాదు. కత్తి కట్టలేదు, కయ్యానికి కాలు దువ్వలేదు. సంతలో తప్పిపోయిన పెద్దావిడలా తడి గడ్డి మీద నాలుగడుగులు వేసింది, ఆగింది, మెడ తిప్పి ఒకసారి చూసింది, ఇంకో రెండడుగులు వేసింది. లక్షల జీతాలున్న ఆటగాళ్ళు దాని వెనక పడ్డారు. అది తొందరపడలేదు. ఆ రాత్రి మైదానంలో కంగారు లేకుండా ఆడింది అదొక్కతే. ఆఖరికి దాన్ని పట్టి బయటికి పంపారు, తర్వాత విగన్ ఒక గోలు కొట్టింది, దానితో పాటు పదకొండేళ్ళ ప్రీమియర్ లీగు కాపురమూ బయటికి పోయింది. యజమానుల వ్యాపారానికి సంబంధించిన ప్రతినిధి మైదానంలో అంతసేపు అందరికీ కనిపించడం ఆ రోజు తర్వాత మళ్ళీ చూడలేదని ఇక్కడివాళ్ళు అంటారు.

సరిగ్గా ఐదేళ్ళకి, 2017 మే 7న, ఇంకో మెట్టు దిగి మూడో డివిజన్‌లో పడ్డారు. ఆ రోజు మ్యాచి గెలిచారు కూడా. గోల్స్ తేడాలో పోయింది. మే 7 ఇక్కడ తద్దినంతో సమానం. మరుసటి ఏడే పైకి వచ్చారు లెండి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి రెండో డివిజన్‌లోనే త్రిశంకు స్వర్గం. మధ్యలో కోచ్‌లు వచ్చారు, పోయారు. హెన్నింగ్ బెర్గ్ ఉన్నది 57 రోజులు. మనింట్లో ఆవకాయ జాడీ అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. పంపించేశాక నష్టపరిహారం ఇవ్వనంటే ఆయన కోర్టుకెళ్ళి 22.5 లక్షల పౌండ్లు గెలుచుకున్నాడు. తర్వాతి వాడు 67 రోజులు ఉన్నాడు. పురోగతే.

ఇంతవరకూ పాత పురాణం. నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది మా పక్కింటి పెద్దాయన. డెబ్భై దాటాయి, తండ్రి చెయ్యి పట్టుకుని మొదటి మ్యాచికి వెళ్ళినవాడు, ఇప్పటికీ అదే వరసలో కూర్చుంటాడు. ఒక సాయంత్రం గోడ అవతల నుంచి పిలిచి, "అబ్బాయీ వెంకీ, ఢిల్లీ హైకోర్టు వేసవి సెలవులు ఎప్పుడు?" అని అడిగాడు.

ఒక లాంకషైర్ ముసలాయన అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

సంగతేమిటంటే, యజమానుల మీద ఈడీ దర్యాప్తు వచ్చి పడింది. ఈడీ అనగానే మనకి ఒక రాజకీయ నాయకుడు, ఉన్నట్టుండి ఒక గుండెనొప్పి, ఒక ప్రైవేటు ఆస్పత్రి గుర్తొస్తాయి. ఇది ఆ తరహా కాదు. విదేశీ మారకద్రవ్య చట్టం, ఫెమా కింద, బయటికి పంపిన డబ్బు గురించిన వ్యవహారం. వాళ్ళు తప్పు చేశారని నేననను, అది తేల్చడానికి కోర్టులున్నాయి. నాకు తెలిసింది పర్యవసానం ఒక్కటే. ఇంగ్లండ్‌లోని క్లబ్బుకి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. ఒకసారి 35 లక్షల పౌండ్లు పంపుకోమంది, అంతే మొత్తానికి బ్యాంకు గ్యారంటీ పెట్టాలంది. అంటే ఒక పౌండు పంపాలంటే ఇంకో పౌండు తాకట్టు. తర్వాతి అభ్యర్థన విచారణకి రావాలి. వచ్చిందా? వాయిదా. మళ్ళీ? వాయిదా.

పెద్దాయనకి ఆ మాట అర్థం చెప్పడానికి నాకు రెండు టీలు పట్టింది. ఆలస్యం అనుకున్నాడు ముందు. కాదండీ, ఆలస్యానికి చివర ఉంటుంది అన్నాను. రద్దా అన్నాడు. అంత అదృష్టమా. మా మేనమామకి నరసరావుపేటలో గట్టు తగాదా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నడుస్తోంది. వాది పోయాడు, ప్రతివాది పోయాడు, గట్టు కూడా వానలకి కొట్టుకుపోయింది. కేసు మాత్రం నిక్షేపంగా ఉంది. అదీ వాయిదా అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

అప్పటి నుంచి నాకో ఆలోచన. ఈ క్లబ్బుకి కోచ్‌గా మా మేనమామని తెస్తే? ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. అయితేనేం, ఇంతకుముందు వచ్చినవాళ్ళలో ఎవరికీ లేని అర్హత ఆయనకుంది. అభిమానులందరినీ రెండు బస్సుల్లో ఢిల్లీ తీసుకెళ్తాడు. మే నెల ఎండ, మెడలో నీలం తెలుపు ఉన్ని మఫ్లర్లు. గేటు బయట చెట్టు కింద టైపిస్టు. "సెంటర్ ఫార్వర్డ్ కొనుగోలు నిమిత్తం అభ్యర్థన" అని కొట్టిస్తారు, జిరాక్సు మూడు సెట్లు. మేనమామ గుడ్డసంచీలోంచి పులిహోర తీసి పంచుతాడు. పదిన్నరకి పేరు పిలుస్తారని అందరూ లేచి నిలబడతారు. పన్నెండింటికి కూర్చుంటారు. "ప్లీడరుగారు వేరే కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్" అంటాడు గుమాస్తా. పాస్ అనే మాట వినబడగానే మా పెద్దాయనకి ప్రాణం లేచొస్తుంది, ఎవరికి పాస్ ఇచ్చారు అని అడుగుతాడు. మధ్యాహ్నం మూడింటికి తేదీ వస్తుంది. ఆ తేదీకి ఇంగ్లండ్‌లో ఆటగాళ్ళని కొనే గడువు అయిపోయి తొమ్మిది రోజులవుతుంది. మేనమామ మాత్రం తృప్తిగా తల పంకించి, "మంచి తేదీయే, దగ్గరలోనే ఇచ్చారు" అంటాడు.

లీగు పట్టిక కూడా మార్చాలి. ఆడినవి, గెలిచినవి, డ్రా, ఓడినవి, వాయిదా పడినవి. ఆఖరి గడిలో రోవర్స్‌ని కొట్టేవాడు లేడు.

డబ్బు లేకపోతే పోనీ, ఉన్నదానితో సరుకు తెచ్చుకుందామా అంటే కాగితం సరిగ్గా పంపడం రాదాయె. 2023 జనవరి ఆఖరి రోజున నాటింగ్‌హామ్ ఫారెస్ట్ నుంచి లూయిస్ ఓబ్రయన్‌ని అద్దెకి తేవాలి. కాగితాలు గడువు దాటాక చేరాయి. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. 2024 జనవరి ఆఖర్న అమెరికా నుంచి డంకన్ మెక్‌గ్వైర్ అనే కుర్రాడిని రప్పించారు. విమానం దిగాడు, వైద్య పరీక్షలయ్యాయి. మళ్ళీ కాగితాల్లో తప్పు. కుర్రాడు వచ్చిన దారినే పోయాడు. మా ఊరి మీసేవలో సర్వర్ డౌనైనా కూడా ఆ అబ్బాయి సాయంత్రానికి ఏదో ఒక తిప్పలు పడి పని చేసిపెడతాడు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. కానీ అదే వారంలో ఆడమ్ వార్టన్‌ని అమ్మారు.

ఈ ఊళ్ళో పుట్టిన పిల్లాడు. క్లబ్బు అకాడమీలోనే పెరిగాడు. పందొమ్మిదేళ్ళు. బంతి వాడి కాలికి తగిలితే స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టేది, పెద్దాయన నా మోచెయ్యి పట్టుకునేవాడు. 1.8 కోట్ల పౌండ్లకు క్రిస్టల్ ప్యాలెస్‌కి ఇచ్చేశారు. ఆ వేసవికే ఇంగ్లండ్ జాతీయ జట్టుతో యూరో టోర్నీకి వెళ్ళాడు. చిన్న క్లబ్బులు అమ్ముకోవడం మామూలే, తెలుసు నాకు. ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు వార్టన్‌లని తయారు చేస్తే ఎవడూ నోరెత్తడు. అప్పు తీర్చడానికి గొడ్డుని అమ్మినట్టు అమ్మారు. ఆ వేసవిలోనే 27 గోల్స్‌తో డివిజన్‌లోకెల్లా ఎక్కువ కొట్టిన స్మోడిక్స్‌నీ పంపేశారు. 2025 ఫిబ్రవరిలో జట్టు పై మెట్టు ఆశలున్న చోట ఉండగా, కోచ్ యూస్టేస్ తనంతట తాను లేచి, దిగువన కొట్టుమిట్టాడుతున్న డర్బీకి వెళ్ళిపోయాడు. పైనున్నవాడు కిందివాడి దగ్గరికి ఉద్యోగానికి పోయాడంటే ఇక్కడ ఇల్లు ఎలా తగలబడుతోందో చూడండి.

ఆ వేసవిలోనే ఆడపిల్లల జట్టుని రెండో అంచె లీగులోంచి తప్పించేశారు. లీగు పెట్టిన కొత్త ప్రమాణాలకి ఖర్చు పెట్టలేరట. ఇరవై కోట్ల పౌండ్లకు పైగా ఈ క్లబ్బులో పోశామన్నది యజమానుల వైపు ఎప్పుడూ వినిపించే మాట, అది అబద్ధమూ కాదు. అంత పోసినవారికి ఆ పిల్లల దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు! చలిలో, వానలో, పగలు వేరే పని చేసుకుని సాయంత్రం సాధనకొచ్చిన పిల్లలు వాళ్ళు. నేను వెళ్ళిన మ్యాచిలో ఒకమ్మాయి మోకాలికి పట్టీ కట్టుకుని తొంభై నిమిషాలూ పరిగెత్తింది. ఎదురుగా నిలబడి "ఇక మీరు అక్కర్లేదు" అని చెప్పడానికి పుణే నుంచి ఒక్క మనిషి విమానం ఎక్కాడా? కొన్నది కోడి కాదయ్యా, ఊరు! నూటయాభై ఏళ్ళుగా ఈ క్లబ్బుని మోసిన ఊరు! దాణా వేశాం కదా, గుడ్డు పెట్టకపోతే మాకేంటి అంటే కుదరదు. చేతకాకపోతే అమ్మేయండి. చేతనైతే ఒక్క శనివారం వచ్చి, ఆ పెద్దాయన పక్కన, ఆ చలిలో, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోండి.

సరే. బీపీ మాత్ర వేసుకుని వచ్చాను.

నా పేరు సంగతి మిగిలిపోయింది. మొన్న కాఫీ కొట్టులో కప్పు మీద రాయడానికి పేరేమిటని కౌంటరు అమ్మాయి అడిగింది. వెనక రోవర్స్ చొక్కాల్లో ముగ్గురున్నారు. వెంకీ అనే ధైర్యం చాలలేదు. స్వామివారికి వేయి పేర్లుండగా భయమెందుకని "బాలాజీ" అనబోయి నాలుక కరుచుకున్నాను. యజమానులైన అన్నదమ్ముల్లో ఒకాయన వెంకటేశ్, రెండో ఆయన బాలాజీయే. ఏడుకొండలు అందామంటే ఆ పిల్లకి సాయంత్రం అవుతుంది రాయడానికి. ఆఖరికి "శ్రీనివాస్" అన్నాను. ఏం వినబడిందో ఏమో, గబగబా రాసి, కాఫీ పోసి, కప్పు ఎత్తి గట్టిగా పిలిచింది.

"స్టీవ్!"

వెనక ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.