నమోదుకు ససేమిరా అన్న పెద్దమనిషి

వలస ప్రభుత్వాలకు దయాదాక్షిణ్యాలు ఉండవని గిట్టనివాళ్లు అంటుంటారు గాని, కొరియా మీద జపాన్ పెట్టిన శ్రద్ధ చూస్తే ఆ నింద ఎంత అన్యాయమో తెలుస్తుంది. 1910 ఆగస్టులో ఒక ఒడంబడిక మీద సంతకాలు చేయించుకుని దేశాన్ని స్వాధీనపరచుకున్న దొరలు అంతటితో చేతులు దులుపుకోక, అక్కడి జనాన్ని పేరుపేరునా కుటుంబ రిజిస్టర్లలోకి ఎక్కించే శ్రమ కూడా తీసుకున్నారు. ఆపైన ఆ జనానికి తమ చరిత్ర తాము రాసుకునే బెడద ఎందుకని ఒక సంఘాన్ని వేసి, 35 సంపుటాలు తామే కూర్పించి అచ్చు వేయించారు.

ఆ రిజిస్టర్లలో పేరు రాయించుకోనని ఇంత సౌకర్యాన్ని కాలదన్నినవాడు కొరియా చరిత్రకారుడు షిన్ చేహో. 1880లో పుట్టి, సోల్‌లోని సంగ్యున్‌గ్వాన్ విద్యాపీఠంలో చదివి, పత్రికలకు సంపాదకీయాలు రాసిన ఈయనకు బుద్ధిగా బతికే యోగ్యతలన్నీ ఉన్నాయి. అయినా 1908లో, చరిత్రకు ఇరుసు రాజవంశం కాదు, జాతి అని రాసి కూర్చున్నాడు. రాజవంశాన్ని రెండేళ్లలో ఎలాగూ తొలగించబోతున్న జపాన్ వారికి ఆ మాటలో మొదటి సగం నచ్చే ఉంటుంది.

దేశం చేజారిన ఏడే ఆయన ప్రవాసం పోయాడు. మంచూరియాలో ప్రాచీన కొరియా రాజ్యమైన కోగుర్యో సమాధుల మధ్య తిరిగి, ఈ చోటును ఒక్కసారి చూడటం పాత గ్రంథాన్ని పదివేల సార్లు చదవడం కంటే మేలని తేల్చాడు. తవ్వి చూసేందుకు జేబులో డబ్బు లేదు. డబ్బు లేని పరిశోధకుడికి కాళ్లే గ్రంథాలయం. ముఖం కడుక్కునేటప్పుడు కూడా తల వంచేవాడు కాదనీ, నిటారుగా నిలబడి కడుక్కోవడంతో చొక్కా అంతా తడిసేదనీ ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పుకునేవారు. ఆ బట్టలు ఆరేయవలసి వచ్చినవాళ్ల అభిప్రాయాన్ని మాత్రం చరిత్ర నమోదు చేయలేదు.

స్వపక్షంతోనూ ఆయనకు పొసగలేదు. కొరియాను నానాజాతి సమితి సంరక్షణలో ఉంచమని స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సింగ్‌మన్ రీ అమెరికాకు విన్నవించుకున్నాడని తెలిసి, 1910 ఒడంబడికపై సంతకం పెట్టిన ప్రధాని లీ వాన్‌యోంగ్ ఉన్న దేశాన్ని అమ్మితే ఈయన ఇంకా చేతికి రాని దేశాన్నే అమ్ముతున్నాడని మండిపడి, షాంఘైలో కొరియా ప్రవాసులు పెట్టుకున్న తాత్కాలిక ప్రభుత్వానికి దూరమయ్యాడు. 1923లో సాయుధ విప్లవకారుల కోసం ప్రకటన రాశాడు. క్రమంగా, ఏ ప్రభుత్వమూ వద్దనే అరాచకవాది అయ్యాడు.

జపాన్ వారి అసలైన కాగితం ఒక్కటీ తన పేరిట ఉండనివ్వని ఈ మనిషి, 1928లో తైవాన్‌లోని కీలుంగ్ రేవులో పట్టుబడింది నకిలీ విదేశీ హుండీల, అంటే డబ్బు చెల్లింపు పత్రాల, వ్యవహారంలో. ఉద్యమానికి నిధుల కోసమే ఆ పని. కాగితంతో మోసం చేయడం ఎంత ఘోరమో, కాగితంతోనే ఒక దేశాన్ని సంపాదించినవారికి తప్ప మరెవరికి తెలుస్తుంది? పదేళ్ల శిక్ష వేశారు. ఆయన చైనా తీరంలో జపాన్ చేతికింద ఉన్న లూషున్ జైల్లో ఉండగానే 1931లో ఆయన రాసిన ప్రాచీన కొరియా చరిత్ర సోల్ పత్రికలో ధారావాహికగా వెలువడింది. ఆరోగ్యం క్షీణించాక, పూచీకత్తు మీద విడిపించుకునే దారి దొరికింది గాని, పూచీ పడతానన్నవాడు జపాన్ కొమ్ముకాసే సంపన్నుడని తెలిసి వద్దన్నాడు. 1936 ఫిబ్రవరి 21న అక్కడే కన్నుమూశాడు.

అస్థికలను స్వస్థలానికి తెస్తే, రిజిస్టరులో లేని మనిషి చనిపోవడం నిబంధనలకు విరుద్ధం కనుక ఖననానికి అనుమతి రాలేదు, చాటుగా పూడ్చిపెట్టారు. 1945లో దేశం విముక్తమైంది. స్వతంత్ర ప్రభుత్వం మాత్రం పొదుపరి. జపాన్ వాళ్లు వదిలిపోయిన రిజిస్టర్లు చక్కగా ఉండగా కొత్తవి దేనికని వాటినే పౌరసత్వానికి ఆధారం చేసుకుంది. బుద్ధిగా పేరు రాయించుకున్నవాళ్లు పౌరులయ్యారు, ససేమిరా అన్నవాళ్లు కాలేదు. 1962లో ఆయనకు ఘనమైన పతకమిచ్చి సత్కరించినప్పుడు, గ్రహీత ఏ దేశస్థుడని అడిగే గుమాస్తా ఎదురు కాకపోవడం అదృష్టం.

ఫైలు 2009లో కదిలింది. మరణించిన 73 ఏళ్లకు, మరికొందరు స్వాతంత్ర్య యోధులతో పాటు, షిన్ చేహో పేరును కొరియా రిజిస్టరులో చేర్చారు. సంతకం కోసం ఆయన బల్ల మీదికి తల వంచవలసిన అవసరం రాలేదు.