మోకాలికి బారసాల

మన ఇళ్ళలో బిడ్డ పుట్టిన 21వ రోజుకల్లా పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాసేస్తాం. పసిపిల్ల మోకాలు వాస్తే దానికి పేరు పెట్టడానికి పిల్లల కీళ్ళవాత నిపుణుల సంఘాలు తీసుకున్న గడువు చూస్తే, ఆ సంఘాల్లో ఒక్క మేనత్త కూడా సభ్యురాలు కాదని తెలిసిపోతుంది.

లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే వైద్యుడు 22 మంది పిల్లల కీళ్ళ గురించి రాసింది 1897లో. తర్వాత అమెరికావాళ్ళు జువెనైల్ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు. యూరపువాళ్ళు అలిగి జువెనైల్ క్రానిక్ ఆర్థ్రైటిస్ అన్నారు. అమెరికాలో వాపు 6 వారాలుంటే చాలు, యూరపులో 3 నెలలు ఉండాల్సిందే. రెండో నెలలో విమానమెక్కి అట్లాంటిక్ దాటిన పిల్లకు, వాపు వాపులాగే ఉండగా, జబ్బు మాత్రం కాగితాల మీద నయమైపోయేది.

ఇరుపక్షాల రాజీకి రుమటాలజీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య పెద్దమనిషిగా కూర్చుంది. 1995లో తొలి ప్రతిపాదన, 1997లో డర్బన్‌లో సవరణ, 2001లో ఎడ్మంటన్‌లో ఆ సవరణకు సవరణ. అది అచ్చయ్యేసరికి 2004. తేలిన పేరు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్. ఇడియోపతిక్ అంటే కారణం తెలీదని మర్యాదగా ఒప్పుకోవడం.

పేరు కుదిరింది గానీ, జబ్బులో రకానికొకటి చొప్పున గదులు పంచాలి కదా. 16వ పుట్టినరోజు లోపు మొదలై 6 వారాలు నిలిచిన వాపుకే లోపలికి ప్రవేశం. మొదటి 6 నెలల్లో 4 కీళ్ళు దాటకపోతే ఒక గది, 5 లేదా అంతకు మించితే వేరే గది. అంటే బారసాల నాటికి కాదు, అన్నప్రాశన నాటికి గానీ గది ఖాయం కాదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (రక్తంలో కనిపించే ఒక యాంటీబాడీ) ఉన్న గది కావాలంటే రక్తం కనీసం 3 నెలల ఎడంతో రెండుసార్లు సాక్ష్యం చెప్పాలి.

ఇంటిపేరు పట్టింపు కూడా ఉంది. తండ్రి మోచేతి మీద సోరియాసిస్ ఉంటే పిల్ల మోకాలికి నాలుగు కీళ్ళ గదిలో చోటు లేదు. గోళ్ళ మీద గుంటలో, వేలంతా ఉబ్బడమో తోడైతే సోరియాటిక్ గదికి పంపుతారు. లేదా, ఎటూ కానివాళ్ళ గదికి. తాతగారి మోచెయ్యి మాత్రం లెక్కలోకి రాదు. ఆ చివరి గదిలో ఏ గదికీ సరిపోనివాళ్ళూ, రెండు గదులకు సరిపోయేవాళ్ళూ కలిసే ఉంటారు, పెళ్ళి విడిదిలో లాగా.

ఇది అన్యాయమని 1996లో మొదలైన ప్రింటో అనే పిల్లల కీళ్ళవాత పరిశోధకుల అంతర్జాతీయ బృందం 2019లో కొత్త పథకం తెచ్చింది. వయసు 18కి పెంచారు, కీళ్ళు లెక్కపెట్టి గదులివ్వడం దండగన్నారు. ఎటూ కానివాళ్ళకు ఇప్పుడు రెండు గదులు: ఒకటి ‘ఇతర’, ఇంకోటి ‘వర్గీకరించని’. అభివృద్ధి అంటే ఇదే మరి.

మన వీధి అరుగుకి ఈ తర్జనభర్జన లేదు. కుంటుతున్న పిల్లను చూసిన క్షణంలో ‘ఎదుగుదల నొప్పులు’ అని తీర్మానం అయిపోతుంది. ఎదుగుదల నొప్పులు రాత్రిపూట రెండు కాళ్ళలో వచ్చి, తెల్లారేసరికి మాయమవుతాయనీ, వాపూ కుంటూ ఉండవనీ డాక్టర్లు చాదస్తంగా చెబుతుంటారు. ఈ పిల్ల మాత్రం పొద్దున్నే కర్రలా బిగుసుకుపోయి, పదింటికల్లా సాగి ఆడుకుంటుంది. అందుకే దానికి ‘బడి దొంగ’ అని రెండో పేరు. వాచిన మోకాలికి రక్తం ఎక్కువగా పారి, అక్కడి ఎముక తొందరగా పెరిగి, కొన్నాళ్ళకు ఆ కాలే రెండోదానికంటే పొడుగవుతుంది. ఎదుగుదల అని మేం ముందే చెప్పామా లేదా?

అప్పటికీ తగ్గకపోతే ఏఎస్‌ఓ పరీక్ష. అది గొంతులో ఈమధ్య స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వచ్చి వెళ్ళిందని చెప్పే రసీదు, అంతకు మించి ఏమీ కాదు. ఆ క్రిమి వెళ్ళాక కొందరికి వచ్చే రుమాటిక్ జ్వరం వాపు ఒక కీలు వదిలి ఇంకో కీలు పట్టుకుంటుంది, నొప్పి మాత్రకు చప్పున లొంగుతుంది, కొద్ది వారాల్లో పోతుంది. నాలుగు నెలలుగా ఒకే మోకాల్లో కాపురమున్న వాపుకి ఆ పేరు నప్పదు. అయినా రసీదులో అంకె పెద్దదిగా ఉంది గనుక 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది. గొంతుకి గట్టి కాపలా, మోకాలు మాత్రం ఎప్పటిలాగే.

కంటి సంగతికొస్తే డాక్టర్ల చాదస్తం హద్దు దాటింది. కీళ్ళవాతం వచ్చిన చిన్నపిల్లకు ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ అయితే, 3 నెలలకోసారి స్లిట్ ల్యాంప్‌తో (సన్నటి వెలుగు పట్టి కన్ను లోపల చూసే సూక్ష్మదర్శిని) కంటి పరీక్ష చేయించమంటారు. కన్ను ఎర్రబడలేదు, నీరు కారలేదు, నొప్పి లేదు, మోకాలు కూడా తగ్గింది. ఇక కన్ను దేనికి? లోపలి వాపు చడీచప్పుడు లేకుండా కంటిపాప చుట్టూ ఉండే రంగు తెరను కటకానికి అతికించేసి, గుండ్రటి పాప వంకరపోయి, పిల్ల టీవీకి మరీ దగ్గరగా జరిగినప్పుడు వెళ్ళొచ్చులే అని మనవాళ్ళ లెక్క.

ఇక మందు. మెథోట్రెక్సేట్ అని రాయగానే ఫోన్‌లో చూసి ‘క్యాన్సర్ మందట’ అని ఇల్లంతా గగ్గోలు. ఇక్కడ ఇచ్చేది ఒళ్ళు వైశాల్యంలో చదరపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అదీ వారానికి ఒక్కసారి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది గనుక మూడో వారంలోనే ‘పనిచెయ్యలేదు’ అని మానేయడం ఆనవాయితీ. ఇంకా ఉత్సాహవంతులు రోజూ వేస్తారు. నోట్లో పుళ్ళు లేచి, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరాక చీటీ మళ్ళీ చదువుతారు. అందుకని అట్టపెట్టె మీద వారం పేరు పెద్దక్షరాలతో రాయమంటారు.

ఏ వారం రాయాలన్నదే అసలు చిక్కు. మంగళవారం మందు మొదలుపెట్టకూడదు. శుక్రవారం లక్ష్మీదేవి రోజు. గురువారం అమ్మమ్మకు ఉపవాసం, ఇంట్లో వాంతులు కుదరవు. అరుగు మీద రెండు సాయంత్రాలు చర్చించాక, చరిత్రలో తొలిసారి, మేనత్తా రుమటాలజిస్టూ ఒకే మాట మీదకొచ్చారు: శనివారం రాత్రి, అన్నం తిన్నాక. మర్నాడు బడి లేదు.