ఫెడెక్స్‌ను ఓడించిన ఫోన్ కాల్స్

2002 అక్టోబరులో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, వాలియంట్ అనే చిన్న ఊళ్లో పేపర్ మిల్లు పార్కింగ్‌లోకి జాగిలాలను దించారు. మిల్లు వేర్‌హౌజర్ కంపెనీది. కార్మికుల్లో కొందరు డ్రగ్స్ వాడుతున్నారన్న అనుమానంతో మొదలైన తనిఖీ అది. ఆ కుక్కలకు డ్రగ్స్‌తో పాటు తుపాకుల వాసన పట్టడం కూడా నేర్పారు. పార్క్ చేసిన బళ్లలో తుపాకులు బయటపడ్డాయి. డజను మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో కొందరు కంపెనీ సొంత మనుషులు, కొందరు కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు.

అది వేట రోజులు మొదలయ్యే కాలం. డ్యూటీ దిగి అటునుంచి అటే జింకల వేటకు పోయేవాళ్లు ఆ ప్రాంతంలో చాలామంది. మన దగ్గర రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టబోయే రైతు బండిలో టార్చిలైటు, కర్ర ఎలా ఉంటాయో, అక్కడ ట్రక్కులో తుపాకీ అలా ఉంటుంది. మిల్లు లోపలికి తుపాకీ తేకూడదని వాళ్లకు తెలుసు. ఆ నిషేధం పార్కింగ్‌కు కూడా వర్తిస్తుందన్న సంగతి తమకు సరిగా చెప్పలేదన్నది వాళ్ల వాదన. కంపెనీ వినలేదు.

కథ అక్కడితో ముగిసిపోవాల్సింది. ఏ దేశంలోనైనా డజను మంది కార్మికుల ఉద్యోగాలు పోతే ఓ రోజు లోకల్ పేపర్లో వస్తుంది, తర్వాత అంతా మర్చిపోతారు. కానీ ఇది పదేళ్లలో డజనుకు పైగా రాష్ట్రాల్లో, పనిచోటి పార్కింగ్‌లో సొంత బండిలో తుపాకీ ఉంచుకోనిచ్చే చట్టం తెచ్చింది. ఫెడెక్స్, ఫోక్స్‌వ్యాగన్, కొనొకోఫిలిప్స్, డిస్నీ లాంటి సంస్థల్ని చట్టసభల వరండాల్లోకి, కోర్టు మెట్ల మీదికి లాక్కొచ్చింది. సొంత స్థలంలో ఏముండాలో నిర్ణయించుకునే హక్కు యజమానిదేనని రోజూ చెప్పే రిపబ్లికన్ నాయకుల చేతే ‘ఈ ఒక్క విషయంలో కాదు’ అనిపించింది. ఇది ఎలా జరిగిందో చూస్తే అమెరికా తుపాకీ రాజకీయం గురించి, అంతకన్నా ఎక్కువగా అక్కడి కార్మికుల పరిస్థితి గురించి అర్థమవుతుంది.

మొదట చట్టం తెచ్చింది వాలియంట్‌కే చెందిన జెర్రీ ఎల్లిస్. డెమొక్రాట్, రాష్ట్ర ప్రతినిధుల సభ సభ్యుడు. 2004లో ఆయన బిల్లు 92-4 ఓట్లతో దాటింది, సెనేట్‌లో ఎదురే లేదు. తాళం వేసిన సొంత వాహనంలో తుపాకీ ఉంచుకుంటే యజమాని అడ్డుపడకూడదు అన్నది దాని సారం. వెంటనే వర్ల్‌పూల్, విలియమ్స్, కొనొకోఫిలిప్స్ కోర్టుకెళ్లాయి. వర్ల్‌పూల్ మధ్యలోనే తప్పుకుంది. చమురు కంపెనీ కొనొకోఫిలిప్స్ మాత్రం వెనక్కి తగ్గలేదు. దాంతో 2005 ఆగస్టులో తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్, అంటే ఎన్ఆర్ఏ, ఆ కంపెనీ బంకుల్లో పెట్రోలు కొట్టించొద్దని బాయ్‌కాట్ పిలుపిచ్చింది. రోడ్ల పక్కన హోర్డింగులు లేచాయి. ఎన్ఆర్ఏ ఎప్పుడూ పెద్ద వ్యాపారాల వెనకే ఉంటుందనుకునేవాళ్లకు ఇది వింతగా తోచింది.

కోర్టు వ్యవహారం నాలుగేళ్లకు పైగా నడిచింది. ఉద్యోగులకు క్షేమమైన పనిచోటు కల్పించాలన్న ఫెడరల్ చట్టానికి ఇది అడ్డమని 2007 అక్టోబరులో ఫెడరల్ జడ్జి టెరెన్స్ కెర్న్ కొట్టేశారు. 2009 ఫిబ్రవరిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగేసింది. పార్కింగ్‌లో తుపాకుల గురించి ఆ ఫెడరల్ చట్టం ఏమీ చెప్పలేదు, కాబట్టి రాష్ట్రం తన నిర్ణయం తాను తీసుకోవచ్చంది. ఈలోపు మిసిసిపీ, ఫ్లోరిడా, జార్జియా వంటి రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి.

చట్టసభ సభ్యుల్ని ఒప్పించడానికి డబ్బు కావాలని మనకు ఓ గట్టి నమ్మకం. అది తప్పేమీ కాదు. కానీ ఈ పోరులో డబ్బు ఎక్కువగా ఉన్నది కంపెనీల దగ్గరే. ఛాంబర్ ఆఫ్ కామర్స్, రిటైలర్ల సంఘాలు, ఆసుపత్రులు, యూనివర్సిటీలు అన్నీ ఒకవైపే. అవతల ఉన్నది ఫోన్లు చేసే జనం. సబ్‌కమిటీలో ఫలానా బిల్లు మంగళవారం ఓటుకొస్తోందని సోమవారం పొద్దున ఎన్ఆర్ఏ సభ్యులకు ఈమెయిల్ వెళ్తుంది. అందులో ఎవరికి కాల్ చేయాలో, ఏం చెప్పాలో ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ ప్రతినిధి ఆఫీసులో ఫోన్ పెట్టేస్తే మళ్లీ మోగుతుంది. ఎత్తే పిల్లకు పిచ్చెక్కిపోతుంది. మర్నాడు గదిలో కుర్చీలన్నీ నిండి ఉంటాయి. అభ్యర్థికి ‘ఏ ప్లస్’ నుంచి ‘ఎఫ్’ దాకా మార్కులు వేసి, ఎన్నికల ముందు ఇంటింటికీ కార్డు పంపుతారు.

ఇది నిజంగా ఊళ్లలోంచి పుట్టిన ఒత్తిడా, వర్జీనియాలోని ఎన్ఆర్ఏ ప్రధాన కార్యాలయంలో రాసిన స్క్రిప్టా అని అడిగేవాళ్లున్నారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. స్క్రిప్టు పైనుంచే వస్తుంది. కానీ సోమవారం పని మానుకుని ఫోన్ చేసే మనిషిని ఏ కార్యాలయమూ తయారుచేయలేదు. అవతలి పక్షానికి అలాంటివాళ్లు లేరు. ఆఫీసు పార్కింగ్‌లో తుపాకులు వద్దనుకునే ఉద్యోగులు కోకొల్లలు ఉండొచ్చు, కానీ ఆ ఒక్క విషయం మీదే ఓటు వేస్తానని ఫోన్ చేసినవాడు అరుదు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో డెబ్రా మాగర్ట్‌ను అడగాలి. అప్పట్లో టెనెసీ రాష్ట్ర ప్రతినిధుల సభలో రిపబ్లికన్ కాకస్, అంటే ఆ పార్టీ సభ్యుల బృందం, చైర్మన్ ఆవిడ. ఎన్ఆర్ఏ జీవితకాల సభ్యురాలు, ఆ సంస్థ నుంచే ‘ఏ ప్లస్’ తెచ్చుకున్న మనిషి. 2012లో పార్కింగ్ బిల్లు వచ్చినప్పుడు ఫెడెక్స్, ఫోక్స్‌వ్యాగన్ గట్టిగా వ్యతిరేకించాయి. కొరియర్ కంపెనీ ఫెడెక్స్ హెడ్డాఫీసు ఆ రాష్ట్రంలోని మెంఫిస్‌లోనే, ఫోక్స్‌వ్యాగన్ ప్లాంటు చాటనూగాలో. ఉద్యోగాలిచ్చే కంపెనీలను కాదనలేక సభా నాయకత్వం బిల్లును ఓటింగ్‌కు రానివ్వలేదు. మాగర్ట్ ఆ నాయకత్వంలో ఒకరు, అంతే. ఆగస్టు ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, ఎన్ఆర్ఏ ఆవిడ మీద పడింది. ఆవిడ ఫొటో పక్కన ఒబామా ఫొటో పెట్టి నియోజకవర్గంలో హోర్డింగులు కట్టింది. రిపబ్లికన్ ప్రైమరీలో అంతకంటే పెద్ద తిట్టు ఇంకోటి లేదు. వైమానిక దళంలో రిటైరైన కోర్ట్నీ రోజర్స్ చేతిలో ఆవిడ ఓడిపోయింది.

ఆరు నెలలు తిరిగేసరికి బిల్లు మళ్లీ వచ్చింది. ఈసారి ఆపినవాళ్లు లేరు. 2013 మార్చిలో గవర్నర్ బిల్ హాస్లమ్ సంతకం పెట్టారు. తమాషా ఏంటంటే, అంత గొడవ చేసి తెచ్చిన చట్టంలో ఉద్యోగం నుంచి తీసేయొద్దన్న మాట లేదు. పార్కింగ్‌లో తుపాకీ ఉంచడం నేరం కాదని మాత్రమే ఉంది, కాబట్టి యజమాని తీసేయాలనుకుంటే తీసేయవచ్చని అటార్నీ జనరల్ అభిప్రాయం చెప్పారు. ఆ కన్నం పూడ్చడానికి 2015లో సవరణ తేవాల్సి వచ్చింది.

ఇక వాదనల సంగతి. తుపాకీ పక్షం ఎక్కువగా చెప్పేది రాత్రి షిఫ్టు మహిళల గురించి. ఆసుపత్రిలో పనిచేసే నర్సు అర్ధరాత్రి ఒంటరిగా కారులో ఇంటికి పోవాలి. పార్కింగ్‌లో తుపాకీ వద్దంటే దారంతా వద్దన్నట్టే, ఎందుకంటే మధ్యలో ఎక్కడా దాన్ని వదిలి రాలేదు. ఈ మాటలో పస ఉంది. నిషేధం కంపెనీ గేటు దగ్గరే ఆగదన్నది నిజం.

అవతలి వాదనకు మెరిడియన్ చాలు. 2003 జూలై 8న మిసిసిపీలోని మెరిడియన్‌లో లాక్‌హీడ్ మార్టిన్ ఫ్యాక్టరీ ఉద్యోగి ఒకడు మీటింగ్ మధ్యలో లేచి బయటికి వెళ్లాడు. పార్కింగ్‌లో తన ట్రక్కు దగ్గరికి పోయి, షాట్‌గన్, రైఫిల్ తీసుకుని తిరిగొచ్చాడు. 14 మందిని కాల్చాడు, ఆరుగురు చనిపోయారు, తర్వాత తనను తాను కాల్చుకున్నాడు. కోపం వచ్చిన కుర్చీకీ తుపాకీ ఉన్న సీటుకీ మధ్య ఎంత దూరమన్నదే ఇక్కడ ప్రశ్న. ఇల్లు అయితే అరగంట ప్రయాణం, ఆ అరగంటలో మనసు మారొచ్చు. పార్కింగ్ అయితే రెండు నిమిషాలు. మూడేళ్లు తిరక్కముందే, 2006లో, అదే మిసిసిపీ పార్కింగ్ చట్టం చేసింది.

నార్త్ కరోలినాలో పనిచోట్ల హత్యలపై డానా లూమిస్ బృందం చేసిన పరిశోధన 2005లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. తుపాకులను అనుమతించిన చోట్ల హత్య జరిగే అవకాశం నిషేధించిన చోట్ల కంటే దాదాపు ఐదు రెట్లని తేల్చింది. అప్పటికే ప్రమాదం ఎక్కువున్న దుకాణాలే తుపాకీకి ఒప్పుకుని ఉంటాయని తుపాకీ పక్షం కొట్టిపారేసింది. ఆ అభ్యంతరాన్ని పూర్తిగా తీసిపారేయలేం. కానీ ఒక్క అభ్యంతరంతో ఐదు రెట్ల తేడా మాయమైపోదు కదా.

చట్టసభల్లో ఈ లెక్కలు ఎంతమంది చదివారో నాకు అనుమానమే. వాళ్లు మాట్లాడుకున్నది మినహాయింపుల గురించి. టెక్సస్ 2011లో చట్టం చేసినప్పుడు స్కూళ్లకు, కొన్ని రసాయన, చమురు ప్రాంగణాలకు వేరే నిబంధనలు పెట్టింది. ఫ్లోరిడా 2008లో పేలుడు పదార్థాలు వాడే స్థలాలకు మినహాయింపు ఇచ్చింది. వెంటనే డిస్నీ వరల్డ్ చేయి ఎత్తింది: మేం రోజూ రాత్రి బాణసంచా కాలుస్తాం, మాకు పేలుడు పదార్థాల పర్మిట్ ఉంది, కాబట్టి మాకు వర్తించదని. రెండు రాష్ట్రాల్లోనూ ఇంకో తాయిలం ఉంది: ఉద్యోగి కారులోని తుపాకీ వల్ల ఏదైనా జరిగితే ఆ బాధ్యత సాధారణంగా కంపెనీ మీదికి రాదు. నష్టపరిహారం భయం పోయాక చాలా కంపెనీల గొంతు తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ప్లేనోలో, ఫ్రిస్కోలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఆఫీసు అద్దాల తలుపు మీద అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లిష్‌లో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి రాసిన బోర్డు చూసే ఉంటారు. టెక్సస్ శిక్షాస్మృతిలోని 30.06 సెక్షన్ కింద పెట్టే బోర్డు అది, లైసెన్సు ఉన్నా తుపాకీ దాచుకుని లోపలికి రావద్దని. కొత్తగా వెళ్లినవాళ్లు దాన్ని చూసి ఇక్కడ తుపాకులు లేవని నిశ్చింతగా ఉంటారు. బోర్డు చెప్పేది తలుపు లోపలి సంగతే. మధ్యాహ్నం బిర్యానీకి పోవడానికి కారు తీసేటప్పుడు పక్క కారు డాష్‌బోర్డులో ఏముందో బోర్డుకు సంబంధం లేదు, కంపెనీకీ సంబంధం లేదు. ఫ్లోరిడాలో అయితే కారులో తుపాకీ ఉందా అని హెచ్‌ఆర్ అడగనే కూడదు. లైసెన్సు తుపాకీని కూడా ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునే ఊళ్లనుంచి పోయినవాళ్లకు ఇది జీర్ణం కావడానికి టైం పడుతుంది.

కానీ ఈ మొత్తంలో నాకు అసలు ముల్లులా గుచ్చుకునేది తుపాకీ కాదు. మోంటానా తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లోనూ మామూలు ఉద్యోగిని కారణం చెప్పకుండా పంపేయవచ్చు. జాతి, మతం, లింగం లాంటి కొన్ని కారణాలతో మాత్రం తీసేయకూడదు. బాసుకు మొహం నచ్చకపోయినా సరే, ఇంటికి పొమ్మంటే పోవాల్సిందే. వాలియంట్ కార్మికుల అసలు బాధ ఇదే. ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం ఒక్క పూటలో, మనిషి మాట వినకుండా, కుక్క మూతి చూపిన బండి లెక్కన పోయింది. ఇది ఉద్యోగ భద్రత సమస్య. కానీ ఆ పేరుతో పోతే వినేవాళ్లెవరూ లేరు. తుపాకీ పేరుతో పోతే వాళ్ల వెనక, 40 లక్షల మంది సభ్యులున్నామని అప్పట్లో చెప్పుకున్న సంస్థ ఉంది. అలా ఉద్యోగికి దొరికిన కొద్దిపాటి కొత్త రక్షణ, కారులో తుపాకీ ఉన్నందుకు తీసేయకూడదన్నది అయింది. జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే మాత్రం చాలా రాష్ట్రాల్లో తీసేయవచ్చు.

చాటనూగా చూడండి. పార్కింగ్ విషయంలో ఫోక్స్‌వ్యాగన్ మాట చెల్లదన్న రిపబ్లికన్ నాయకత్వమే మరుసటి ఏడాది, 2014 ఫిబ్రవరిలో, అదే ప్లాంటులో ఆటో కార్మికుల యూనియన్ కోసం ఓటింగ్ జరిగితే దానికి ఎదురు నిలబడింది. యూనియన్ గెలిస్తే రాష్ట్ర రాయితీలు కష్టమని హెచ్చరించింది. కంపెనీ పెద్దగా అభ్యంతరం చెప్పకపోయినా సరే. అప్పుడు యూనియన్ 712-626తో ఓడిపోయింది. చివరికి గెలవడానికి 2024 దాకా పట్టింది. పార్కింగ్‌లో కార్మికుడి హక్కు కోసం ఫోన్లు మోగిన ఆఫీసుల్లోనే, ఫ్యాక్టరీలో కార్మికుడి హక్కు అనేసరికి తలుపులు మూసుకున్నాయి.

వాలియంట్ డజను మంది సంగతి చెప్పలేదు. వాళ్లు కంపెనీ మీద వేసిన కేసు 2006లో పదో సర్క్యూట్ కోర్టులో ఓడిపోయింది. మూడేళ్ల తర్వాత వాళ్ల పేరుతో పుట్టిన చట్టాన్ని నిలబెట్టింది అదే కోర్టు.