శార్వరి నామ సంవత్సరపు మిగులు గారికి

మహారాజశ్రీ మిగులు గారి సముఖమునకు, హైదరాబాదు నిజాంపేటలోని ఒక రెండు పడకగదుల ఫ్లాటు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీ కుశలం నాకు తెలిసిన సందర్భం నా ఇరవై రెండేళ్ల ఉద్యోగ జీవితంలో ఒక్కటే ఉంది. అది 2020 వేసవి. ఆ కాస్త పరిచయాన్ని పురస్కరించుకొని ఈ లేఖ రాస్తున్నాను.

అంతకుముందు మీ పేరు వినడమే తప్ప మిమ్మల్ని చూసి ఎరుగను. జీతం ఒకటో తారీఖున వచ్చేది. ఐదున ఇంటి అప్పు వాయిదాకు, పదిన బడి ఫీజుకు, పన్నెండున చీటీకి తలా ఒక ముక్క పంచి, ఇరవయ్యో తారీఖుకల్లా వట్టి చేతులతో నిలబడేది. ఆ సంవత్సరం మార్చి 25న ఉగాది. ఏటిలాగే పచ్చడి తిని, టీవీలో పంచాంగ శ్రవణం విన్నాం. నా రాశికి ఆదాయం కన్నా వ్యయం ఎక్కువనీ, రాజపూజ్యం కన్నా అవమానం ఎక్కువనీ సిద్ధాంతి గారు సెలవిచ్చారు. దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. వ్యయం చేద్దామన్నా అంగడి తలుపు తెరవని సంవత్సరం వస్తోందని గ్రహాలకు ఎవరూ ముందుగా కబురు పెట్టినట్టు లేదు.

ఏప్రిల్ నెలాఖరున మీరు దర్శనమిచ్చారు. బ్యాంకు యాప్‌లో నిల్వ చూసి, జీతం పొరపాటున రెండుసార్లు పడిందేమో, తిరిగి ఇమ్మంటారేమో అని మొదట భయపడ్డాను. కాగితం మీద లెక్క వేసి చూస్తే, అన్ని ఖర్చులూ పోగా 14,600 రూపాయలు మిగిలాయి. స్కూటరులో మార్చిలో పోయించిన పెట్రోలు అలాగే ఉంది. మెట్రో రైలు లేదు, సినిమా లేదు, సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ లేదు. అక్షయ తృతీయ ఏప్రిల్ 26న వచ్చి, నగల దుకాణాలు మూసి ఉండగానే వెళ్లిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆ తిథి మా ఇంటి మీదుగా అంత నిశ్శబ్దంగా దాటడం నేను చూడలేదు.

అయితే మీ రాకకు అసలు కారణం పెళ్లిళ్లేనని నా దృఢమైన అభిప్రాయం. ఆ వేసవికి మాకు అందిన శుభలేఖలు ఏడు. ఏడు పెళ్లిళ్లంటే ఏడు చదివింపుల కవర్లు. కాస్త ఎరిగినవారికి 1,116, బంధువులకు 2,116, మా అత్తగారి వైపు వారికి ఎంతో మా ఆవిడ నిర్ణయిస్తుంది. ఆపైన తణుకు దాకా ఒకసారి, కరీంనగర్ దాకా ఒకసారి ప్రయాణాలు, వాటితో పాటు “పోయిన పెళ్లికి కట్టిన చీరే మళ్లీ కట్టుకొని రమ్మంటారా” అన్న ప్రశ్నకు నేను ఏటా చెల్లించే సమాధానం. రూపాయి బిళ్ల అంటించిన కవర్లు ఒక డజను మార్చి మొదట్లోనే కొని పెట్టుకున్నాం. తీరా నాలుగు ముహూర్తాలు వాయిదా పడ్డాయి. మిగిలిన మూడు పెళ్లిళ్లు ఇంటి మనుషులతోనే జరిగాయి. పిలవకపోవడాన్ని గురించి మామూలు రోజుల్లో అయితే పదేళ్లు మాట్లాడుకునేవాళ్లం. ఆ ఏడు మాత్రం లాభాల పద్దులో రాసుకున్నాం. పంచాంగంలో చెప్పిన అవమానం అదే అయి ఉండాలి. అంత గిట్టుబాటైన అవమానం మరొకటి నాకు జరగలేదు.

మీరు వచ్చిన గర్వంతో నేను చేసిన మొదటి తప్పు, మీ వెనకే వచ్చిన మరొకరిని మీ బంధువుగా భావించడం. అప్పుల వాయిదాలు మూడు నెలల పాటు కట్టకపోయినా ఫరవాలేదని రిజర్వు బ్యాంకు మార్చి 27న ప్రకటించింది, మే నెలలో ఆ గడువును ఆగస్టు చివరిదాకా పొడిగించింది. నెలకు 22,000 చొప్పున ఐదు వాయిదాలు మానేసి, లక్షా పదివేలు మిగిలాయని వీధి వరండాలో నిలబడి ఎదురింటాయనకు చెప్పాను. ఆయన లెక్కలు బోధించి పదవీ విరమణ చేసినవారు. పద్దెనిమిది లక్షల అసలు మీద ఎనిమిదిన్నర శాతం చొప్పున నెలకు 12,750 రూపాయల వడ్డీ నేను నిద్రపోతున్నా లేస్తున్నా పెరుగుతూనే ఉంటుందని, మాస్కులోంచే అయినా, నాకు స్పష్టంగా వినబడేలా చెప్పారు. ఆ రోజు నుంచి ఆయనతో దూరం పాటిస్తున్నాను. ఆరు అడుగుల నిబంధన అప్పుడు ఎంతో ఉపకరించింది.

ఇక అసలైన మిమ్మల్ని పొదుపు ఖాతాలో కూర్చోబెట్టి సేవించుకుందామనుకున్నాను. మీరు నా ఇంట అడుగుపెట్టే వేళకే స్టేట్ బ్యాంకు ఆ ఖాతాల వడ్డీని మూడు శాతం నుంచి 2.75కు, మే నెలాఖరుకు 2.70కి దించింది. ఆ లెక్కన మీకు ఏడాది పొడవునా ఆతిథ్యమిస్తే వచ్చే కట్నం 394 రూపాయలు. దీర్ఘకాల పొదుపు పథకమైన పీపీఎఫ్ వడ్డీ సైతం ఏప్రిల్ ఒకటి నుంచి 7.9 శాతం కాస్తా 7.1 అయింది. ధరలేమో ఆరు శాతానికి పైన పెరుగుతున్నాయి. అంటే మిమ్మల్ని బ్యాంకులో దాచడమంటే, ఎండలో పెట్టిన మంచుగడ్డకు కాపలా కాయడమన్నమాట. బంగారం కొని ఉంటే బాగుండేదని మా ఆవిడ ఆగస్టులో, పది గ్రాములు 55,000 దాటిన రోజున, అన్నది. ఆ మాట ఏప్రిల్‌లో ఎందుకు అనలేదని అడిగే ధైర్యం నాకు లేదు.

మీరు వెళ్లిపోయిన తీరు కూడా చెప్పాలి. క్షురకుడికి ఇవ్వని 150 రూపాయలు ఆదా చేద్దామని 1,800 పెట్టి ట్రిమ్మరు కొన్నాను. మా అబ్బాయి దానితో నా తల వెనక భాగాన చేసిన ప్రయోగం పాడుబడిన చెరువు గట్టును తలపించింది. బయటి తిండి మానేశామన్న ఉత్సాహంలో జిలేబీ, పానీపూరీ, కుక్కరులో కేకు చేసుకున్నాం, వాటి వల్ల నెల నూనె పదిహేను రోజులకే అడుగంటింది. ట్యూషన్ ఫీజు తప్ప మరేదీ వసూలు చేయరాదని ప్రభుత్వం ఏప్రిల్‌లోనే ఉత్తర్వు ఇచ్చింది. మా వాడి బడివారు చట్టాన్ని గౌరవించి, తక్కిన ఫీజులన్నింటికీ ట్యూషన్ అని నామకరణం చేశారు. పాఠాలు వినడానికి ట్యాబ్ మనమే కొనుక్కోవాలి. మీటరు చూసే మనిషి రాక, మూడు నెలలకు కలిపి జూన్‌లో వచ్చిన కరెంటు బిల్లు విప్పిన రోజునే మీరు చెప్పులు వేసుకున్నారు.

మా బావమరిది సంగతి మరీ దయనీయం. గుంటూరులో ఉంటాడు. నలభై రోజులు దుకాణాలు మూసి ఉండటంతో అతని దగ్గర మీరు నాకన్నా ఘనంగా పోగయ్యారు. మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిచారు. ధర మొదట 25 శాతం, మరునాటికి ఇంకో 50 శాతం పెరిగింది. మా తెలంగాణలో రెండు రోజుల తర్వాత తెరిచి 16 శాతంతో సరిపెట్టారు. “మీరు అదృష్టవంతులు బావగారూ” అన్నాడు ఫోనులో. మిమ్మల్ని నేరుగా రాష్ట్ర ఖజానాలో జమ చేసిన దేశభక్తుడిగా అతన్ని మా కుటుంబంలో ఇప్పటికీ గౌరవిస్తాం.

ఇంతకూ మీరు ఎవరివారన్నది నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఆవిడ లెక్కల పుస్తకంలో ఏప్రిల్ పేజీ తిరగేస్తే మీ అవయవాలు విడివిడిగా కనబడ్డాయి: ఆటో 1,200, ఇస్త్రీ 900, పూలు 450, టైలరు 700. మనకు ఖర్చు తగ్గిన ప్రతి వరుసలోనూ ఎవరికో రాబడి ఆగిపోయి ఉంది. పనిమనిషిని రావద్దన్నాం. మొదటి నెల పూర్తి జీతం ఇచ్చి, ఆ సంగతి పదిమందికి ఫోను చేసి చెప్పాం. రెండో నెల సగం ఇచ్చి, ఎవరికీ చెప్పలేదు. దేశం మొత్తం మీద కూడా మీ వైభవం ఇలాంటిదేనట. ఆ ఏప్రిల్-జూన్ నెలల్లో కుటుంబాల ఆర్థిక పొదుపు దేశ స్థూల ఉత్పత్తి (జీడీపీ)లో 21 శాతానికి చేరిందని రిజర్వు బ్యాంకు అంచనా వేసింది. ఆ మూడు నెలల్లోనే జీడీపీ దాదాపు 24 శాతం కుంగింది. దోసె చిన్నదైతే పళ్లెంలో చట్నీ ఎక్కువ కనబడుతుంది కదా. తర్వాతి మూడు నెలలకు మీరు 10.4 శాతానికి దిగివచ్చారు.

మా సెల్లారులో ఇస్త్రీ బల్ల పెట్టుకున్నతను మే నెలలో ఎప్పుడో ఊరికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ మావి నాలుగు చొక్కాలు మడతపెట్టి వాచ్‌మన్‌కు అప్పగించాడు. చొక్కాకు ఏడు చొప్పున 28 రూపాయలు ఇవ్వాలి. ఆ చొక్కాలు వేసుకొని వెళ్లే చోటు లేక, మడత నలగకుండా చాలాకాలం బీరువాలోనే ఉన్నాయి.

నవంబరులో నా ఇంటి అప్పు ఖాతాలో 1,367 రూపాయలు జమ అయ్యాయి. వడ్డీ మీద పడిన వడ్డీని కేంద్ర ప్రభుత్వం తిరిగి ఇచ్చిందట. దారి తప్పి మీరే వచ్చారేమో అనుకొని రెండుసార్లు చూశాను; అప్పులో కలిసిపోయే సొమ్ము గనుక పలకరించే వీలు లేకపోయింది. ఆ సాయంత్రం బీరువాలో చదివింపుల కవర్లు కనబడితే ఒకటి తీసి, 28 రూపాయలు పెట్టి, వాచ్‌మన్ చేతికిచ్చాను. పైన అంటించిన బిళ్లతో కలిపి 29 అయింది. బల్ల ఇంకా గోడకు ఆనించే ఉంది.

ఇట్లు,
మిమ్మల్ని ఒక్క నెల చూసినవాడు